పెదవులు కదిపితే చాలు

కాజాల పిన్ని అసలు పేరు క్వయర్ పాటల బృందంలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని అనిపించనూ లేదు. చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతుంది కాబట్టి కాజాల పిన్ని. పగలంతా ఆమె మిషను ఒకే స్వరంలో మూలుగుతుంది. దాని మీద గొంతు ఆనించి ఆమె కూనిరాగం తీస్తుంది. ఆ స్వరం ఆమె చెవిలో గూటి పావురంలా కదలకుండా కూర్చుని ఉంది. పంతొమ్మిదేళ్లుగా క్వయర్ వెనక వరసలో, కుడి చివర, ఆమె కూడా అలాగే నిలబడుతోంది. ఏడాదిలో ఆమెకున్న వెలుగంతా డిసెంబరు కచేరీయే. మిగతా పదకొండు నెలలూ చొక్కాలకు చిల్లులు.

ఈ ఏడు క్వయర్ భారం మేనేజరుగారు తన భుజాన వేసుకున్నారు. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాక చేతులు ఊపడానికి మరో చోటు దొరకని మనిషి. ముందు వరసకు కొత్త స్కార్ఫులు తెప్పించారు, కొత్త నవ్వులు నేర్పించారు. ఎవరు ఎటునుంచి స్టేజీ ఎక్కాలో మూడు ఆదివారాలు చర్చించారు. నాలుగో ఆదివారానికి పాట గుర్తొచ్చింది.

ఆ పాటలో మొదటి రెండు చరణాలు వట్టి గొంతులతో పాడాలి. మూడో చరణంలో పియానో వచ్చి కలుస్తుంది. ఒకసారి పాడించి, మేనేజరుగారు వెనక వరస దాకా నడిచొచ్చారు.

"పిన్నీ, మీ గొంతు కాస్త మోటుగా ఉంది. ఈసారికి పెదవులు కదిపితే చాలు."

"పాడొద్దంటారా సార్?"

"అబ్బే, అలా ఎందుకంటాను? నిలబడండి. స్టేజీ నిండుగా ఉండాలి కదా!"

మరుసటి ఆదివారం ఆమె పెదవులు కదిపింది. మింగుడుపడని మాత్రలా పాట గొంతులోనే ఉండిపోయింది. మొదటి చరణం చివరికే క్వయర్ శ్రుతి జారడం మొదలైంది, తడి మెట్ల మీద ఒక్కొక్కటిగా దిగినట్టు. అందరూ కలిసికట్టుగా దిగారు కాబట్టి ఎవరికీ తెలియలేదు. మూడో చరణంలో పియానో రాగానే గుమ్మానికి తల కొట్టుకున్నట్టయింది.

"ఆపండి! పియానో శ్రుతి పైకి పోయింది," అన్నారు మేనేజరుగారు.

"ఎక్కడికి పోతుందండీ? మూడేళ్లుగా ఈ గోడ దగ్గరే ఉంది," అంది పియానో టీచరమ్మ.

"చలికి పోతుందమ్మా. నాకు తెలుసు."

ఇరవై ఎనిమిది తలలు ఊగాయి. ఇరవై ఎనిమిదిమందిలో ఒక్కరికీ తమ గొంతు మీద అనుమానం రాలేదు. అంత ఆత్మవిశ్వాసం ఉన్నవాళ్లకు పాట ఎందుకో, ఉపన్యాసాలు చాలవూ!

ఇంట్లో అక్క విని పకపకా నవ్వింది. "ఇన్నేళ్లు పాడి ఇప్పుడు మూగ వేషమా? సంతకం పెట్టకుండా పెన్ను ఊపమను మీ మేనేజర్ని, చూద్దాం!"

పిన్ని నవ్వలేదు. "నన్ను నిలబెట్టి ఖాళీ నింపుతున్నారే అక్కా," అంది.

"మరి నోరెందుకు మూసుకున్నావే? కుట్టేశాడా?"

ఆఖరి రిహార్సల్‌కు పియానో మెకానిక్‌ని పిలిపించారు. అతను ఒక్కో మెట్టూ నొక్కి విన్నాడు.

"దీనికి ఏ రోగమూ లేదు సార్."

"సరిగ్గా చూడవయ్యా! కుదరకపోతే పియానోనే తీసేస్తాం."

అతను ముందు పలక విప్పి, దుమ్ము దులిపి, మళ్లీ బిగించి, పక్కన నిలబడ్డాడు. క్వయర్ అందుకుంది.

పిన్ని కళ్లు మూసుకుంది. మిషను మూలుగు చెవిలో లేచింది. పెదవులు కదిపింది, ఈసారి వాటి వెనక గొంతు కూడా. పెద్దగా ఏమీ కాదు, నేల ఉన్నంత నెమ్మదిగా. తెలియకుండానే ముందు వరసలు ఆ నేల మీద కాళ్లు మోపాయి. రెండు చరణాలు జారకుండా నడిచాయి. మూడో చరణంలో పియానో, పాలలో పాలు పోసినట్టు, చప్పుడు లేకుండా కలిసింది.

"శభాష్!" మేనేజరుగారు మెకానిక్ భుజం తట్టారు. "చెప్పానా, లోపం పియానోలోనే ఉందని!"

"నేను దుమ్ము దులిపానంతే సార్," అన్నాడతను వెనక వరస వైపు చూస్తూ. ఆ మాట చప్పట్లలో కలిసిపోయింది.

మేనేజరుగారు పిన్ని దగ్గరికొచ్చి దయగా నవ్వారు. "చూశారా పిన్నీ, మీరు ఊరుకుంటే పాట ఎంత నిండుగా వచ్చిందో! కచేరీలో కూడా అచ్చం ఇలాగే చేయండి."

"అలాగే సార్," అంది కాజాల పిన్ని. "అచ్చం ఇలాగే."