మూడో బెటాలియన్ ఏదని అడిగిన ఆంటీ

సింగపూర్‌లో టాంపినీస్ వెళ్ళే రైల్లో ల్యాప్‌టాప్ తెరిచి నా థీసిస్ దిద్దుకుంటున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ పదాతిదళాన్ని ఎలా ఏర్పాటు చేశారన్నది దాని విషయం. తెర మీద ఒక పటం ఉంది. పైన డివిజన్, దాని కింద మూడు రెజిమెంట్లు, ఒక్కో రెజిమెంటు కింద మూడేసి బెటాలియన్లు.

ఇందాక నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విన్నట్టుంది, కరివేపాకు కుండీ ఒళ్ళో పెట్టుకున్న పక్కసీటు ఆంటీ తొంగిచూసింది.

"ఎవరి వంశవృక్షమమ్మా? ముగ్గురు కొడుకులు, ఒక్కొక్కరికీ మళ్ళీ ముగ్గురేసి! దిష్టి తగలదూ?"

"వంశం కాదాంటీ, జర్మన్ సైన్యం," అని నవ్వాపుకుంటూ తర్వాతి పటం చూపించాను. అది యుద్ధం చివరి ఏళ్ళది. అందులో రెజిమెంటుకు రెండేసి బెటాలియన్లే.

"మరి మూడోవాళ్ళేరీ?"

"మనుషులు పోతుంటే నింపలేక, రెండేసి చాలనుకున్నారు."

"చాలనుకున్నారా? వాళ్ళమ్మల్నడిగారా?"

"ఆ కొడుకులే ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టారాంటీ."

"అయితే ఆ తల్లులు రెండుసార్లు ఏడ్చుంటారు," అంది.

ఇంతలో ఆమె దిగాల్సిన స్టేషన్ వచ్చింది. కుండీతో లేస్తూ, "పెళ్ళయిందా? ఇట్టాంటివి చదివితే సంబంధాలు కష్టమమ్మాయ్," అని దిగిపోయింది.

ఆ వారం థీసిస్‌లో "రెండేసి చాలనుకున్నారు" అన్న వాక్యం కొట్టేసి, ఆ పోయినవాళ్ళ గురించి, వాళ్ళు తగలబెట్టిన ఊళ్ళ గురించి ఒక పేజీ రాశాను. మా ప్రొఫెసర్‌కు అది బాగా నచ్చి, ఈ ఆలోచన నాది కాదంటే, ఎవరిదో ఫుట్‌నోట్‌లో ఇమ్మన్నారు.

నేను ఆంటీ పేరే అడగలేదు.