బోల్టుకు చుట్టిన నూలు

కారు తాళం తిప్పగానే ఎదురుగా నూనె డబ్బా బొమ్మ ఒకటి ఎర్రగా వెలిగి, రెండు సెకన్లలో ఆరిపోతుంది. ఏ కారులోనైనా అంతే. కాని ఆ రెండు సెకన్లూ నేను ఊపిరి తీసుకోను. మొన్న కూడా అలాగే బిగుసుకుని కూర్చుంటే, పక్కనున్న మా బావ "ఏంది బామ్మర్ది, దేవునికి మొక్కుతున్నవా?" అని నవ్వాడు. అవునన్నాను. నాలుగేళ్ళుగా ఆయనకు చెబుతున్న అబద్ధాల్లో ఇది చిన్నది.

గద్వాలలో ముప్పై ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. నాకు తెలియని యంత్రం ఉందంటే ఒప్పుకునే గుణం నాలో లేదు. మా వీధి చివర మెకానిక్ మంచివాడే, కాని ఇంజనాయిలు నేనే మార్చుకుంటానని ఒకరోజు నోరు జారితే పకపకా నవ్వాడు. "సారూ, పుస్తకంల సదివినట్ల కాదిది. బండి తీసుకరాండ్రి, గడియల అయిపోతది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోనులో నాలుగు వీడియోలు చూశాను, ఆయిలు డబ్బా, ఫిల్టరు, పానా కొనుక్కొచ్చాను. వీడియోలన్నీ చివరిదాకా చూసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. సగం చూడగానే నాకు అంతా వచ్చేసిందనుకునే జబ్బు చిన్నప్పటినుంచీ ఉంది.

ఆ కారు షోకుకు కొన్నది కాదు. బావతో పాటు మా ఇంట్లోనే ఉంటున్న మా అక్కకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. మా ఊళ్ళో వరుస దొరక్క వారానికి మూడుసార్లు వనపర్తి తీసుకెళ్ళి డయాలసిస్ చేయించేవాళ్ళం. నాలుగు గంటలు మిషన్ మీద ఉండాలి. అన్నిటికంటే సోమవారం గండం. శని, ఆదివారాలు ఖాళీ కాబట్టి అప్పటికి ఒంట్లో నీరు చేరి కాళ్ళు ఉబ్బేవి, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం వచ్చేది. "ఏ పూటైనా జర అటూ ఇటూ కానీ, సోమవారం మాత్రం ఆలస్యం చేయొద్దు" అని డాక్టరు నాకు గట్టిగా చెప్పాడు. అంతా విని, సరిగ్గా ఆదివారమే పానా పట్టుకున్నాను.

కారు ఎత్తి, కిందికి దూరి, బోల్టు విప్పి పాత ఆయిలు దించాను. అంతవరకు బాగానే జరిగింది. బోల్టుకు అతుక్కున్న రాగి వాషరు అణిగిపోయి ఉంటే స్క్రూడ్రైవరుతో పెకలించాను, అది వంకరపోయింది. కొత్తది కొనాలని నాకు తెలియదు. అప్పుడు మా నాయన గుర్తొచ్చాడు. బావి దగ్గర మోటారు పైపులు బిగించేటప్పుడు ఆయన మరలకు నూలు చుట్టేవాడు, చుక్క నీరు కారేది కాదు. మగ్గం ఉన్న ఇంట్లో నూలుకు కరువా? అక్క జబ్బు పడేదాకా చీరలు నేసిన మనిషే. గడపలో కూర్చుని నా తంటాలు చూస్తున్నదల్లా నూలు కండె ఒకటి అందించి, "బండికి గూడ నూలేనా తమ్మీ?" అంది. నేను బడి గొంతుతో ఒత్తిడి గురించి పాఠం చెప్పాను. "అయితే గట్టిగ సుట్టు" అంది పాపం. చుట్టి బిగించి, కొత్త ఆయిలు పోసి, ఇంజను ఐదు నిమిషాలు తిప్పాను. చుక్క కారలేదు. ఆ సాయంత్రం నా గర్వం చూడాల్సింది. నడుం మాత్రం పట్టేసింది.

ఆ నడుం వల్లే సోమవారం పొద్దున బావ బండి తీశాడు. వర్షాలు బాగా పడి, కృష్ణ నిండి, జూరాల డ్యాం గేట్లెత్తిన రోజులవి. ఎదుటి అద్దంలో మెరుపు కొడుతుందని స్టీరింగు ముందు తువ్వాల పరుచుకోవడం బావకు అలవాటు. దాని కింద ఏ దీపం వెలిగినా ఆయనకు కనబడదు. వాళ్ళు వెళ్ళాక నడుం పట్టుకుని వాకిట్లోకి వస్తే, కారు నిలబడిన చోట అరచేయంత నల్లటి మరక ఉంది. నిన్న నేను ఒలకబోసిందేలే అనుకుని కాలితో దాని మీదికి మట్టి తోశాను. చాయ్ ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది. నిన్న ఒలికింది అక్కడ కాదు.

చెప్పులు వేసుకుని మెకానిక్ దగ్గరికి పోయాను. ఏమీ ఎరగనట్టు మాట కలిపి, ఆయిలు నేనే మార్చానని చెప్పాను.

"కొత్త వాషరేసిండ్రా సారూ?"

"నూలు చుట్టిన."

చేతిలో పానా కింద పెట్టాడు. "అయ్యో, నీళ్ళ పైపనుకున్నరా? ఇంజను కాగితే నూలు మాడ్తది, బోల్టు ఊడొస్తది, ఆయిలంత కారి ఇంజను పట్టేస్తది. బండి యాడుంది?"

"వనపర్తి తొవ్వల. అక్క ఉంది."

అక్క సంగతి వీధి వీధంతటికీ తెలుసు. అతను తన మోటారు సైకిలు స్టార్ట్ చేశాడు.

వెనక కూర్చుని ఫోన్లు చేస్తూనే ఉన్నాను. బావ నడిపేటప్పుడు ఎత్తడు. అక్క ఫోను మా ఇంట్లోనే మోగిందని నా భార్య చెప్పింది. తడిసిన రోడ్డు మీద ఆయిలు చుక్కలు రంగులు తేలుతూ కనబడ్డాయి. మొదట దూరదూరంగా, తర్వాత దగ్గరదగ్గరగా, జూరాల కట్ట వచ్చేసరికి ఒకటే గీత. గేట్ల దగ్గర నీటి హోరుకు నా మాట నాకే వినబడలేదు. కింద ఎర్రటి నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. వరద చూడవచ్చిన జనం, ఎవరినీ ఆగనివ్వని పోలీసులు. కారు ఆగితే ఆగనీ, ఈ కట్ట మీద మాత్రం ఆగకూడదని మొక్కాను. ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పిన నోటితో ఎంతమంది దేవుళ్ళను పిలిచానో లెక్క లేదు. నా అక్కను నేనే చంపుకుంటున్నానని నాకు రూఢిగా అనిపించింది.

కట్ట దాటి ఆత్మకూరు వైపు కొంత దూరం పోయాక గీత ఆగింది. కారు అక్కడే ఉంది, బానెట్ ఎత్తి. అక్క మైలురాయి మీద కూర్చుని ఉంది, ముఖం ఉబ్బి, నోటితో గాలి పీలుస్తూ. బావ ఎదురొచ్చి, "రాయి తగిలింది బామ్మర్ది, బండి కింద. నాకు ఇనరాలే గని మీ అక్క ఇన్నదంట" అన్నాడు. నేను అక్క వైపు చూశాను. ఆమె కళ్ళతోనే నన్ను ఊరుకోమంది. మెకానిక్ కారు కిందికి దూరి, మాడిన నూలు పోగు వేళ్ళతో పట్టుకుని బయటికొచ్చాడు. అక్క అతని వైపు కూడా అలాగే చూసింది. అతను పిడికిలి మూసి, "అవు, రాయే" అన్నాడు.

బావను కారు దగ్గర వదిలి, ఆటోలో ఆత్మకూరుకూ అక్కడినుంచి బస్సులో వనపర్తికీ అక్కను తీసుకెళ్ళాను. బస్సులో నా భుజం మీద తల ఆనించి కూర్చుంది. "తప్పు నాదక్కా" అన్నాను. "ఊకో. నూలిచ్చింది నేనే గద" అని కాసేపు ఊపిరి తీసుకుని, "మీ బావకు చెప్పకు. జన్మంత సాధిస్తడు నిన్ను" అంది. మేము చేరేసరికి ఆమె మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. బతిమాలి, చివరికి రెండు గంటలు మిషన్ ఎక్కించాం. నాలుగు కావాల్సిన చోట రెండు. "సూది నొప్పి సగమే తమ్మీ" అని నన్ను నవ్వించడానికి చూసింది. మర్నాడు ఆయాసం ఎక్కువై మళ్ళీ దవాఖానలో చేర్పించాం. తేరుకుంది. ఇంకో ఎనిమిది నెలలు బతికింది. ఆ రోజుకూ ఆమె పోవడానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. నేను మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ అదే చెప్పాడు.

మొన్న ఆత్మకూరులో పెళ్ళికి ఇద్దరం ఆ దారినే పోయాం. ఆ చోటు రాగానే బావ ఎప్పటిలాగే అద్దం దించి రోడ్డు వైపు చూశాడు. "గా రాయి నా కంటపడుంటే నీ అక్కకు గంత తిప్పలుండకపోవు. నేనే సూస్కోలే. నాదే తప్పు" అన్నాడు. నేను రోడ్డు మీదే చూపు నిలిపి కారు నడిపాను. ఏళ్ళు గడిచేకొద్దీ తప్పు చిన్నదవుతుందనుకున్నాను గాని, అది అంతే ఉంది. ఎవరికి చెప్పాలో ఆ మనిషే ముసలివాడవుతున్నాడు.