పైడమ్మప్ప చేతి గుణం

నేను ఫిర్యాదులు రాసే మనిషిని. ఒక్కదానికీ జవాబు రాలేదు. గరివిడి దగ్గర ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసినప్పుడు ఫ్యాను తిరగడం లేదని రాశాను. నా తర్వాత చేరినవాణ్ని సూపర్‌వైజర్‌ని చేశారని రాశాను. యజమాని చదివానని కూడా అనలేదు. ఆ అవమానాలన్నీ ఇప్పటికీ వరసగా అప్పజెప్పగలను. అప్పట్లో రాయనిది ఒక్కటే. ఇన్నేళ్లూ నన్ను తినేస్తున్నదీ అదే. మీకు చెబుతున్నాను.

పెద్ద తుఫాను వచ్చిన మరుసటి వేసవిలో యజమాని పాత పురుగుమందు డ్రమ్ములు తెప్పించి, ముక్కలు కొట్టించి, కరిగించి కొత్త ప్లాస్టిక్‌లో కలిపించాడు. తేడా తెలియకుండా ముదురెరుపు రంగు వేశాం. ప్రతి లోడుతోనూ ఒక ధ్రువీకరణ పత్రం వెళ్లేది: పూర్తిగా కొత్త సరుకు, తినే వస్తువులకు పనికొస్తుంది అని. సరుకు తనిఖీ నా పని కాబట్టి సంతకం నాది. ఎందుకు పెట్టాను? నన్ను లెక్కచేయనివాడి పాపం నాకెందుకు అనుకున్నాను. అబద్ధమని తెలిసి పెట్టిన సంతకం అతని పాపం ఎలా అవుతుంది?

మా వీధి పైడమ్మప్ప ఊరగాయలు పెట్టి అమ్మేది. నా మాట మీదే ఆ డబ్బాలు కొంది. మూత తీసి వాసన చూసింది.

“ఏటి బాబూ, సేలో కొట్టే మందు కంపొస్తన్నాది?”

“కొత్తది అలాగే ఉంటాది అప్పా. ఎండలో పెట్టు, పోతాది.”

“నువ్వే బాగుందన్నాక ఇంకేటి. నీ నోట మంచి మాట రావడమే గగనం,” అని నవ్వింది.

ఆవకాయకు ఆ కంపు పట్టింది. కొన్నవాళ్లు తిరిగి తెచ్చిచ్చారు. మా వైపు ఊరగాయ పాడైతే డబ్బాను ఎవరూ అనుమానించరు, పెట్టిన చేతి గుణం అంటారు. పైడమ్మప్ప కూడా అదే నమ్మింది. మరుసటేడు కోడలి చేత కలిపించి, తను ముట్టకుండా గుమ్మంలో కూర్చుంది. మళ్లీ ఆ డబ్బాలకే ఎత్తారు. అదీ పాడైంది. తన నీడ పడబట్టే అనుకుంది. ఊరగాయలు మానేసింది.

నేను ఆ గుమ్మం ముందు నుంచే డ్యూటీకి వెళ్లేవాణ్ని. ఒక్క మాట చాలు. ఫ్యాను కోసం లేచిన నోరు అక్కడ లేవలేదు.

నిన్న వెళ్లి పైడమ్మప్పకు అంతా చెప్పాను. కూర్చోమని కూడా అనలేదు. చెప్పగలిగాను, అంతే. ఊపిరి కాస్త ఆడుతోంది. దాన్ని ఆమె క్షమ అనుకునేంత సిగ్గులేనివాణ్ని కాను.

ఆహార తనిఖీ ఆఫీసుకు కూడా రాశాను, ఈసారి నా మీదే. ఆ డబ్బాలు ఇంకా ఎందరి వంటిళ్లలో ఉన్నాయో నాకు తెలియదు. ఉత్తరం చివర ఇలా రాశాను: అయ్యా, దీనికైనా జవాబివ్వండి.