కరాచీకి రెండు గంటలు

మా పక్క దుకాణం దర్జీ చాచా పోయిండు. మిషన్ ముంగట కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు. నేను పోయేసరికి సూది కింద ఎవరిదో అంగీ చెయ్యి సగం కుట్టి ఉన్నది.

వయసుల నాకంటె రెండేండ్లు చిన్న. అయినా బోధన్ల అందరికీ చాచానే, నాకూ చాచానే. చక్కెర ఫ్యాక్టరీ కార్మికుల ఖాకీ లాగులు సగం ఆయన కుట్టినయే. కొలత తీసుకుంటప్పుడు అందరికీ ఒకటే మాట: "ఊపిరి బిగబట్టకు. బొజ్జ నా కాడ దాస్తవు, బువ్వ తిన్నంక ఏం చేస్తవు?"

నాది కిరాణం దుకాణం. బడి మొఖం చూడలే. పొట్లాలు కట్టే పాత పేపర్లే నా బడి. అందుకే నా చదువు నడుమ నడుమ చినిగి ఉంటది. ఒకనాడు బెల్లం పొట్లం కడుతుంటే, బొంబాయి నుంచి కరాచీకి విమానం రెండు గంటలల్ల పోతదని కనబడ్డది. బెల్లం అట్లనే ఇడిచిపెట్టి చాచా కాడికి ఉరికిన. ఆయనకు ఒక్కతే చెల్లె. పెండ్లయి కరాచీ పోయి అప్పటికి పదిహేనేండ్లు.

చాచా తన బిడ్డ బడి అట్లాసు తెప్పిచ్చి, దాని మీద టేపు పరిచి కొలిచిండు. కింద రాసిన ఇంచుకిన్ని మైళ్ల లెక్క చూసి నేను గుణించిన. అయిదున్నర వందల మైళ్లు.

"అయితే సేటూ, జానకంపేట టేషన్ల మన రైలు ఆగినంత సేపట్ల నా చెల్లె ఇంట్ల ఉంటనా?"

"గంతే చాచా!"

పాస్‌పోర్టు వచ్చేసరికి వానలు పట్టినయి. పోతనన్నడు. నేనే ఆపిన. పేపరు చదివినోణ్ణి గద! "మబ్బులల్ల విమానం అదురుతది చాచా. రెండు గంటల తొవ్వ, యాడికి పోతది? దసరాకు పో."

దసరా రాకముందే రెండు దేశాలకు లడాయి వచ్చింది. విమానాలు బందయినయి. పదేండ్లు దాటింది.

మీకు నిజం చెప్పాలె, ఆయన ఒక్కనాడన్న తిట్టి ఉంటే నాకు నిద్ర పట్టేది. నేనే ఒకసారి బయటపడ్డ: "నా మాట ఇని చెడిపోయినవు చాచా." మిషన్ ఆపకుండనే అన్నడు: "నువ్వు కొలిచింది సరిగనే ఉన్నది సేటూ. కత్తెర పెట్టింది వేరేటోళ్లు."

ఈ ఏడు విమానాలు మల్ల మొదలైనయి. చాచా మల్ల దరఖాస్తు పెట్టిండు. ఈసారి నేను నోరు తెరవలే. కాయిదం రాకముందే ఆయన పాయె.

చెల్లె గూడ ఆడికెల్లి దరఖాస్తు పెట్టుకున్నదట. ఆమెది ముందు వచ్చింది. చాచా పోయిన నలభయ్యో దినానికి వచ్చి చేరుకున్నది. తలంత తెల్లబడ్డది. నేను అడిగిన, విమానంల ఎంత సేపు పట్టిందమ్మా అని.

"రెండు గంటలు గూడ కాలే అన్నా."

కబ్రస్తాన్ల మాకాడ ఆడోళ్లు అడుగు పెట్టరు. గోడ అవతల్నే నిలబడి, "నువ్వు పోయి నా సలాం చెప్పు అన్నా" అన్నది. సమాధి ఇరవై అడుగులు గూడ లేదు. పోయి, చెప్పి, మర్లి చూసిన. మునివేళ్ల మీద లేచినట్టున్నది. గోడ మీద ఆమె వేళ్లు, కండ్లు, అంతే కనబడ్డయి.