లుసైల్‌లో నూరిన సిరా

ఇక్కడ గల్ఫ్‌లో మా పక్క ఫ్లాట్‌లో ఉండే కెయ్‌కో తండ్రి జపాన్‌లో సిరా తయారుచేసేవారు. ఆయన పోయినప్పుడు ఆమె నిండు గర్భిణి. విమానం ఎక్కొద్దని డాక్టర్లు చెప్పడంతో వెళ్ళలేకపోయింది. ఆయన చేసిన చివరి సిరా కడ్డీ, నీళ్ళతో రాయి మీద నూరి రాసుకునేది, ఒకటి ఆమె దగ్గర ఉంది. ఏసీ గది పొడి గాలికి అది ఈమధ్య రెండు ముక్కలైంది. లుసైల్‌లో చైనా రాత నేర్పే లిన్ అనే పెద్దావిడ అతికించగలరేమోనని ఎవరో చెప్పారట. తోడు రమ్మంది.

శనివారం ఉదయం, పాపను భర్తకు అప్పగించి కెయ్‌కో వచ్చింది. అల్ వుకైర్‌లో మెట్రో వాళ్ళ ఉచిత బస్సు ఎక్కి అల్ వక్రా స్టేషన్‌లో దిగాం. ఆరేసి రియాళ్ళ టికెట్టు రోజంతా చెల్లుతుంది. ఎర్ర లైను రైలు నేరుగా లుసైల్‌కే పోతుంది కనుక మారే పని లేదు. చేతిరుమాలులో చుట్టిన ముక్కల్ని ఆమె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సిరా ఎలా చేస్తారని నేనే అడిగాను. మట్టి ప్రమిదల్లో నూనె దీపాలు పెట్టి, పైన బోర్లించిన మూతలకు పట్టిన మసిని తీస్తారట. మా అమ్మమ్మ ఆముదం దీపం మీద కాటుక పట్టినట్టే. అందులో పశువుల తోలు కాచిన జిగురు, వాసనకు పచ్చకర్పూరం కలిపి, పిసికి, చెక్క అచ్చుల్లో ఒత్తుతారు. బూడిదలో కప్పి నెమ్మదిగా తేమ లాగుతారు. ఎండల్లో జిగురు కుళ్ళుతుంది కాబట్టి పనంతా చలికాలంలోనే. చైనాలో పుట్టిన ఈ విద్య కొరియా మీదుగా తమ దేశానికి వచ్చిందని చెప్పింది.

లిన్ గారిల్లు స్టేషన్‌కు దగ్గరే. టీ ఇచ్చి, ముక్కల్ని కిటికీ దగ్గర వెలుగులో తిప్పి చూశారు.

"అతికించొచ్చు. కానీ అది చూసుకోవడానికే. రాయాలంటే ఇలాగే నూరుకోవాలి."

"నూరితే తరిగిపోతుంది," అంది కెయ్‌కో.

"తరుగుతుంది," అన్నారు లిన్. "మీ నాన్న దాచుకోమని చేశారా?"

కెయ్‌కో సిరా నూరే రాయి అడిగి తీసుకుంది. నాలుగు చుక్కల నీళ్ళు పోసి, చిన్న ముక్కను సాన మీద గంధం అరగదీసినట్టు నూరసాగింది. పచ్చకర్పూరం వాసన రాగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇక మానేస్తుందనుకున్నాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నూరింది. కుంచెతో తండ్రి పేరు రాసింది. మొదటి గీత వంకర పోయింది.

"ఇంకో కాగితం ఇస్తారా?"

"ఇది చాలమ్మా. ఆరనివ్వండి."

ఆరేదాకా ముగ్గురం అక్కడే కూర్చున్నాం. తర్వాత ఆవిడ పెట్టిన అన్నం, కూర తిని బయల్దేరాం.

సాయంత్రం అల్ వక్రాలో బస్సు కోసం ఎదురుచూస్తూ మావారితో ఫోన్లో తెలుగులో మాట్లాడుతుంటే, కంపెనీ యూనిఫాంలో ఉన్న ఒకతను పలకరించాడు. జగిత్యాల దిక్కట, మెసయీద్‌లో డ్యూటీ.

"అక్కా, మేడం చేతులకు ఆ నలుపేంది?"

"వాళ్ళ నాన్న చేసిన సిరా."

"నాయన ఉన్నడా?"

"లేరు."

అతను కెయ్‌కో వేళ్ళ వైపు కాసేపు చూసి, "మంచిగ చేసిండు," అన్నాడు. ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పగానే ఆమె లేచి నిలబడి అతనికి తల వంచింది. అతనూ కంగారుగా లేచి నిలబడ్డాడు.

అతికించుకుందామని తీసుకెళ్ళిన ముక్కలు రెండుగానే తిరిగొచ్చాయి, చిన్నది కొంచెం అరిగి. లుసైల్‌కు చాలాసార్లు వెళ్ళి భవనాలు చూసి వచ్చాను గానీ, ఇంత దూరం వెళ్ళొచ్చినట్టు ఎప్పుడూ అనిపించలేదు. అల్ వుకైర్ చేరేదాకా కెయ్‌కో వాళ్ళ నాన్న గురించి చెబుతూనే ఉంది.