పూత పాపకి, పౌరుషం నాకు

పన్ను ఎలా పోయిందని అడిగితే ఎవరైనా తప్పు వయసు మీదికి తోస్తారు. నేను తొయ్యను. నా కుడివైపు దవడపన్ను ముప్ఫై ఏళ్ళకే, పట్టపగలు, వాకిలినిండా ఆడవాళ్ళు చూస్తుండగా, నా పౌరుషం కోసం ప్రాణత్యాగం చేసింది. ఆ ఘోరం చెబుతాను. నవ్వితే నవ్వండి, జాలి మాత్రం పడకండి.

డెబ్బైల్లో మా కాపురం నాంపల్లిలో. మాది బందరు, ఆయన ఉద్యోగం కోసం వచ్చాం. ఇంటి యజమానురాలు లక్ష్మీబాయమ్మగారు కింది వాటాలో ఉండేవారు. వాళ్ళకి ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం దుకాణం. రోజూ పొద్దున్నే ఆవిడ వాకిట్లో పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి, తాను నూరిన నల్ల పళ్ళపొడితో స్వయంగా తోమేవారు. ఆ తోముడికి ఇత్తడి చెంబులైనా అరిగిపోవలసిందే.

మా అమ్మాయి పద్మకి పాలపళ్ళు రెండు పుచ్చి, పాపం, బుగ్గ పట్టుకుని అన్నం ముందు ఏడ్చేది. ఆ ఏడుపు చూడలేక, కొత్త దవడపళ్ళు రాగానే వీటినైనా కాపాడుకోవాలని ఆబిడ్స్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. విదేశాల్లో చదివొచ్చిన పెద్దాయన.

"నమిలే పళ్ళ మీద సన్నటి గుంటలుంటాయమ్మా. తిన్నది వాటిలో ఇరుక్కుని పన్ను పుచ్చుతుంది. ఆ గుంటల్ని పూతతో మూసేస్తే ఇరుక్కోవడానికి చోటే ఉండదు," అన్నారు.

పళ్ళు మందుతో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టారు. "ఉమ్మి తగలకూడదు, నోరు ముయ్యకు తల్లీ," అని పద్మకి చెబితే, దానితోపాటు నేనూ నోరు తెరుచుకుని కూర్చున్నాను.

"మీరు మూసుకోవచ్చమ్మా," అన్నారాయన. ఆ ఒక్క సలహా పాటించి ఉంటే ఈ కథే లేదు.

చివర్లో ఆయన, "పళ్ళ సందుల్లో పూత ఉండదు. తీపి తగ్గించాలి, తోమడం మానకూడదు," అని కూడా చెప్పారు. పద్మ విన్నది. నేను లక్ష్మీబాయమ్మగారికి ఏం వినిపించాలా అని ఆలోచిస్తున్నాను.

వినిపించాను కూడా. ఆవిడ బుగ్గన వేలేసుకున్నారు.

"పండ్లకు రంగేసుడేంది బిడ్డా? దర్వాజాలా గవి?"

"రంగు కాదు పిన్నిగారూ, రక్షణ. ఇక పుచ్చమన్నా పుచ్చవు!"

"మా ఇంట్ల అందరం గీ పొడితోనే తోముకున్నం. ఎవ్వల పన్నన్న ఊడిందా?"

ఆవిడకి ముందు పళ్ళు రెండు లేవు. అవి ఊడలేదట, ఆవిడే పీకించుకున్నారట!

నాకు ఒళ్ళు మండింది. "మా పద్మ పళ్ళు పుచ్చితే, పిల్లల వరసలో కూర్చుని మీ పొడితో మీ చేత్తోనే తోమించుకుంటాను!"

"ఔ? అందరు విన్నరా?" అన్నారావిడ వాకిలంతా కలయజూసి.

ఆ ఆదివారమే పళ్ళెం నిండా పల్లిపట్టి తెచ్చారు. వేరుశెనగపప్పు, సొంత దుకాణం బెల్లం, ముదురు పాకం.

"ఏదీ, నీ బిడ్డను కొరకమను. రంగు బలమెంతో జర సూద్దాం."

"కొరకవే పద్మా!" అన్నాను.

పద్మ చేతులు వెనక్కి కట్టుకుంది. "డాక్టరుగారు తీపి తగ్గించమన్నారుగా!"

వాకిలంతా గొల్లుమంది. "నీ బిడ్డకే భరోసా లేకపాయె!" అన్నారు లక్ష్మీబాయమ్మగారు.

"భరోసా లేకేం? ఇలా ఇవ్వండి!"

పూత పద్మ పళ్ళకి. పట్టి ఆవిడది. మధ్యలో నా పన్నుకేం పని అని మీరడగచ్చు. మా ఆయన ఈనాటికీ అడుగుతారు, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అని. ఏం, కత్తిపీటకి మాత్రం పరువుండదా?

కటుక్కుమంది.

"పట్టి ఇరిగింది," అందొకామె.

లక్ష్మీబాయమ్మగారు వంగి చూశారు. "పట్టి గట్లనే ఉన్నది."

ఇంకొకరైతే పండగ చేసుకునేవారు. ఆవిడ నా దవడలో లవంగం పెట్టి, "ఫికర్ జెయ్యకు, నేనున్న," అంటూ రిక్షాలో ఆబిడ్స్‌కి తీసుకెళ్ళారు. పద్మ కూడా ఎక్కింది.

డాక్టరుగారు నా నోట్లోకి చూసి, "పూత నేనెవరికి వేశానమ్మా? పాపకా, మీకా?" అన్నారు. నా పన్ను ఎప్పుడో పుచ్చి లోపల డొల్లయిందట. ఊరి పళ్ళన్నీ కాపాడబోయిన నేను నా నోట్లోకి ఒక్కసారీ తొంగి చూసుకోలేదు. పీకుతుంటే పద్మ నా చెయ్యి పట్టుకుని, "నోరు ముయ్యకమ్మా," అంది.

అక్కడే లక్ష్మీబాయమ్మగారు డాక్టరుగారి టార్చి అడిగి తీసుకుని పద్మ పళ్ళు ఒక్కొక్కటే పరీక్షించారు. తర్వాత మెల్లగా అన్నారు. "డాక్టర్ సాబ్, మా మనుమనికి గూడ గా పూత ఏస్తరా? జల్ది ఎయ్యాలె."

చూశారా! గెలిచాను! ఆబిడ్స్ అంతా వినబడేలా అరుద్దామనుకున్నాను. నోటినిండా దూది.

మర్నాడు పొద్దున ఆవిడ పళ్ళపొడి పట్టుకుని, "రా బిడ్డా, వరసల కూసో," అన్నారు. "పందెం పద్మ పళ్ళ మీద, నా పళ్ళ మీద కాదు!" అన్నాను వాచిన దవడతో. కూర్చోలేదు, కూర్చోను.

కాబట్టి మిగిలిన పళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒకరి పంటి పూత చూసుకుని నా పన్ను పందెం కాయను. పల్లిపట్టి మానేస్తానని మాత్రం అనలేదు. ఎడమవైపు ఇంకా గట్టిగానే ఉంది.