హన్మయ్య కొట్టంలో పోయిన ఇసుక

కాప్రా చెరువులో పొర్లే ఒక బర్రె, 2004వ సంవత్సరంలో, యూనివర్సిటీ పరిశోధన గ్రంథంలో ఒక అధ్యాయం రాసింది. ఎవరి సాయమూ లేకుండా, తనంతట తానే. నమ్మకం కుదరడం లేదా? సరే, అధ్యాయం మొత్తం కాదు. పోనీ, కలం పట్టలేదన్నది కూడా ఒప్పుకోవలసిందే. కానీ ఆ బర్రె, దాన్ని కాసిన హన్మయ్య లేకపోతే ఆ అధ్యాయంలో తెల్లకాగితం తప్ప ఇంకేమీ మిగిలేది కాదు.

అప్పటికి ఉప్పల్ మీద మెట్రో స్తంభాలు లేవలేదు. గాలి ఒక వైపు తిరిగితే నాచారం కంపెనీల మందుల ఘాటు, ఇంకో వైపు తిరిగితే హన్మయ్య కొట్టం వాసన. తెల్లారకముందే అతని లూనా, రెండు వైపులా పాలక్యాన్లు మోగించుకుంటూ కాలనీలోకి దిగేది. కోస్తా నుంచి వచ్చిన కొత్త కాపురాలవాళ్ళు గేటు దగ్గర నిలబడి, "గేదె పాలేనా?" అని అడిగేవాళ్ళు.

"గేదె పాలు నా తాన లేవమ్మా. బర్రె పాలే ఉన్నయి," అనేవాడు హన్మయ్య, మొహంలో నవ్వన్నది కనబడకుండా. ఆ ఇల్లాలు ఖాళీ గిన్నెతో లోపలికి వెళ్ళిపోతే, రెండూ ఒకటేనని పక్కింటావిడ నవ్వి వెనక్కి పిలిచేది.

పాలు పిండగానే వెచ్చటి నురుగు గటగటా తాగడం అతనికి తండ్రి నుంచి వచ్చిన అలవాటు. కాచిన పాలు రోగులకని అతని అభిప్రాయం. మీసాల నిండా నురుగుతో లూనా ఎక్కితే, పాలు వచ్చాయని ఆ మీసాలే చెప్పేవి.

ఆ చలికాలం ఆ మీసాలు వాడాయి. పొద్దు వాలితే జ్వరం, తెల్లారేసరికి చెమట. నడుం పట్టేసేది. వేళ్ళు ముడుచుకోక పొదుగు చేతికి ఆనేది కాదు. పైగా కొట్టంలో చూడి బర్రెలు నెలలు నిండకుండానే దూడలను పడేస్తున్నాయి. హన్మయ్య ఎవరికీ చెప్పలేదు. కొట్టంలో రోగం ఉందని కాలనీలో ఒక్క గేటుకు తెలిసినా, సాయంత్రానికల్లా అన్ని గేట్లూ మూసుకుంటాయి. ఇంకో బతుకుతెరువు అతనికి తెలియదు.

సరిగ్గా అప్పుడే సుష్మ వచ్చింది. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ గుమాస్తాగా స్థిరపడ్డ అచ్యుతరావు కూతురు. హన్మయ్య పాలు తాగి పెరిగిన పిల్లే, ఇప్పుడు యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. పశువుల్లో పుట్టిన రోగం మనుషుల్లోకి ఎలా వస్తుంది, వచ్చి ఒంట్లో ఏం చేస్తుంది అన్నది ఆమె విషయం.

"బాబాయ్, ఈ మధ్య గేదెలకి ఏమన్నా ఇబ్బంది వచ్చిందా?"

"ఏం రాలె బిడ్డా. ఒకటి ఈసుకపోయింది, గంతే," అన్నాడు. అనేసి నాలుక కరుచుకున్నాడు.

"ఇసుక పోయిందా? ఎక్కడికి పోయింది?"

హన్మయ్యకు ప్రాణం లేచొచ్చింది. "గదే బిడ్డా! గీడ కుప్ప వోసిన ఇసుక పోయింది. లారోళ్ళు ఎత్తుకపోయిన్రు. ఏం జమానా వచ్చిందో సూడు!"

సుష్మ పాపం జాలిపడి వెళ్ళిపోయింది. వారానికి మళ్ళీ వచ్చింది, చేతిలో గరిటె, సంచులు. మిగిలిన ఇసుకలో ఏమైనా సూక్ష్మక్రిములు ఉన్నాయేమో పరీక్షిస్తుందట. కొట్టమంతా గాలిస్తుంటే హన్మయ్య భార్య అన్నపూర్ణమ్మ పేడతట్ట కింద పెట్టి చూసింది.

"ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?"

"ఇసుక, పిన్నీ. పోయిందన్నారుగా బాబాయ్."

"ఇసుకేంది! ఈసుకపోవుడంటే బర్రె కడుపుల దూడ నెలలు నిండకముందే పడిపోవుడు. పోయిన నెల గుడ పడ్డది. ఈయనే ఉత్త చేతులతోని తీసి బొంద పెట్టిండు. అప్పటి సంది పొద్దుమూకితే ఈయనకు జరం."

సుష్మ గరిటె పక్కన పడేసి హన్మయ్య వైపు తిరిగింది. హన్మయ్య చూపు కొట్టం కప్పు మీదికి పోయింది.

"బాబాయ్, మీ రక్తం కూడా పరీక్ష చెయ్యాలి."

"నాదెందుకు? నేనేమన్న ఈనిన్నా?"

"ఈనక్కర్లేదు. పచ్చిపాల నురుగు తాగుతారుగా. ఆ దూడల్ని ముట్టుకున్నారుగా."

"కాలనీల దెలిస్తే నా పాలెవ్వరు దీసుకుంటరు?"

"కాచిన పాలతో ఈ రోగం రాదు, అందరూ కాచే తాగుతారు. మీ పేరు రాయం, సీసా మీద నంబరే ఉంటుంది."

"అయితే నా సీసా బర్రెల సీసాలల్ల కలిపెయ్యి."

"కలిపితే దూడలకిచ్చే టీకా మీకు పొడుస్తారు."

అన్నపూర్ణమ్మ ఫక్కున నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "చేతి ఏళ్ళు ముడుసుకుంటలెవ్వు నీకు. రేపు పాలు ఎవ్వరు పిండుతరు, లారోళ్ళా?" అంది. హన్మయ్య చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

అనుమానం నిజమైంది: బర్రెల రోగమే హన్మయ్యకూ అంటింది, సుష్మ గ్రంథంలో అదే ఒక అధ్యాయమైంది. దవాఖానాలో నెలన్నర మాత్రలిచ్చారు. ఈసుకపోయిన బర్రెలను వేరే కట్టేశారు, ఆడదూడలకు టీకాలు వేశారు. మానాల్సింది నురుగు ఒక్కటే, అదే అతనికి అన్నిటికన్నా కష్టమైంది. జాగ్రత్త కొద్దీ అతను ప్రతి గేటు దగ్గరా, "మంచిగ మరిగించుండ్రమ్మా," అని చెప్పడం మొదలుపెట్టాడు. పాలలో నీళ్ళు ఎక్కువ కలిపాడు కాబట్టే మరిగించమంటున్నాడని కాలనీ తీర్మానించింది. హన్మయ్య ఆ నింద సంతోషంగా మోశాడు.

చెరువు చుట్టూ ప్లాట్లు పడ్డాయి. కొట్టం దమ్మాయిగూడ వైపు జరిగింది. రాష్ట్రం వచ్చిన ఏడాది, కాలేజీలో పాఠాలు చెప్పే సుష్మ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, అచ్యుతరావు తన అరుగు మీద ఈ కథంతా పైఇంట్లో కొత్తగా దిగిన దామోదర్‌కు చెప్పాడు. పాలు పోయడానికి వచ్చిన హన్మయ్య గేటు దగ్గరే ఆగి విన్నాడు. పాలవాడి కోసం వెతుకుతున్న దామోదర్ అతనికేసి తిరిగి, "నిజమేనా?" అని అడిగాడు.

హన్మయ్య సుష్మ గిన్నెలోకి నిండుగా పాలు వంచుతూ తలెత్తాడు.

"అంత ఝూట్ సారూ. నాకు జరమన్నదే రాలె. నా బర్రె ఒక్కటి గుడ ఈసుకపోలె. ఈ బిడ్డ ఎవ్వరో గుడ నాకు తెల్వదు."